జయాన్ కాన్యన్‌లో ఒక్క పగలు: చివరి స్టాపు నుంచి వెనక్కి

లాస్ వేగస్ నుంచి తెల్లవారకముందే బయల్దేరి, యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్క్ చూసుకుని, రాత్రికి మళ్ళీ వేగస్ చేరిన ఒక జూన్ రోజు లెక్క ఇది. ఏడు సీట్ల బండిలో ఆరుగురం: మేమిద్దరం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, పదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. ఎత్తులు ఎక్కలేని మోకాళ్ళు ఒకవైపు, ఒక్కచోట నిలబడలేని కాళ్ళు ఒకవైపు. ఈ పార్కులో ఒక రోజు ఎలా గడుస్తుందనేది కొండల అందం కన్నా ఈ తేడాని, ఎండని, బస్సు క్యూని ముందే లెక్కేసుకోవడం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

గండికోట చూసినవాళ్ళకి ఒక్క మాటలో చెప్పొచ్చు. గండికోటలో మనం అంచున నిలబడి కింద పెన్నని చూస్తాం. గ్రాండ్ కాన్యన్‌లోనూ అంతే. జయాన్‌లో వరస తిరగబడుతుంది. వర్జిన్ నది కోసిన లోయ అడుగున మనం ఉంటాం, రెండువైపులా ఎర్రటి గోడలు 2,000 అడుగుల దాకా పైకి లేస్తాయి. అందుకే నడవలేని పెద్దవాళ్ళు కూడా ఇక్కడ ఏమీ పోగొట్టుకోరు, బస్సు దిగి మెడ ఎత్తితే చాలు. పేచీ ఏమిటంటే ఆ అడుగున ఉన్నది ఒకటే రోడ్డు, దాని మీద తిరిగేది ఒకటే బస్సు.

ఒక గంట ఎక్కడ పోతుందంటే

వేగస్ నుంచి పార్కుకి దాదాపు 160 మైళ్ళు, రెండున్నర నుంచి రెండుముప్పావు గంటలు. ఐ-15 మీద ఉత్తరంగా వెళ్ళి, మెస్కీట్ దాటి, అరిజోనా మూలని కోసుకుంటూ, సెయింట్ జార్జ్ దాటాక 16వ ఎగ్జిట్ దగ్గర 9వ నంబరు రోడ్డెక్కాలి. హరికేన్, లావర్కిన్, వర్జిన్, రాక్‌విల్ ఊళ్ళు దాటితే స్ప్రింగ్‌డేల్, దాన్ని ఆనుకునే పార్కు గేటు. హరికేన్ అనే ఊరి పేరుని అక్కడివాళ్ళు ‘హరకన్’ అంటారు. పెట్రోలు ఇక్కడో సెయింట్ జార్జ్‌లోనో నింపుకోవడం మేలు, స్ప్రింగ్‌డేల్‌లో రేటు ఎక్కువ.

నెవాడా టైమ్ వేరు, యూటా టైమ్ వేరు. నాలుగింటికి బయల్దేరి రెండుముప్పావు గంటలు నడిపితే వేగస్ లెక్కన పావుతక్కువ ఏడు, స్ప్రింగ్‌డేల్ గడియారంలో మాత్రం పావుతక్కువ ఎనిమిది. మధ్యలో వచ్చే అరిజోనా వేసవిలో గడియారం మార్చదు కాబట్టి జూన్‌లో దాని టైమూ నెవాడా టైమూ ఒకటే. అందువల్ల ఫోన్‌లో గంట అటూ ఇటూ గెంతుతుంది. పైగా ఆ అరిజోనా మూలలోని వర్జిన్ రివర్ గోర్జ్‌లో, మలుపులూ ట్రక్కులూ ఎక్కువగా ఉన్న ఆ కొండల మధ్య, సిగ్నల్ సరిగా ఉండదు. ఎవరి చేతికైనా మామూలు వాచీ ఉంటే దాన్ని ముందురోజు రాత్రే యూటా టైముకి తిప్పేసి, రోజంతా దాన్నే నమ్ముకోవాలి.

ఈ గంటకి అంత విలువెందుకంటే, సీజన్‌లో విజిటర్ సెంటర్ పార్కింగు ఎనిమిది, తొమ్మిది మధ్య నిండిపోతుంది. నిండాక స్ప్రింగ్‌డేల్ రోడ్డు పక్కన డబ్బులిచ్చి బండి పెట్టుకుని, ఊరి షటిల్ బస్సులో గేటు దాకా రావాలి. ఆ బస్సు ఉచితమే. కానీ సామాను దింపడం, చిన్నోణ్ణి ఎత్తుకోవడం, ఎదురుచూపు అన్నీ కలిసి ముప్పావు గంట ఇట్టే తినేస్తాయి. సరిగ్గా ఆ ముప్పావు గంటే లోయలో చల్లగా ఉండే సమయం. ‘ఐదింటికి లేద్దాంలే’ అనుకున్నవాళ్ళకి జరిగేది ఇదే. స్ప్రింగ్‌డేల్‌లో స్పీడు 25 మైళ్ళు, ఆలస్యమైందని అక్కడ తొక్కకూడదు. పిల్లలు నాలుగింటికి లేవరనుకుంటే ముందురోజు రాత్రి హరికేన్‌లోనో సెయింట్ జార్జ్‌లోనో గది తీసుకోవడం నయం.

గేటు దగ్గర

మామూలుగా కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అన్ని నేషనల్ పార్కులకీ కలిపి ఏడాది పాసు 80. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు ఉన్న కుటుంబాలు గమనించాల్సిన మార్పు 2026 జనవరి 1 నుంచి వచ్చింది. జయాన్‌తో కలిపి 11 పెద్ద పార్కుల్లో, అమెరికాలో నివాసం లేని 16 ఏళ్ళు నిండినవాళ్ళకి మనిషికి 100 డాలర్లు అదనం. వాళ్ళు ఏడాది పాసే కొనుక్కుంటే అది 250. నివాసులు తమ రేటు కోసం గుర్తింపు కార్డు చూపించాలి. ఒకే కారులో రెండు రకాలవాళ్ళూ ఉంటే ఎవరి పాసు ఎవరికి చాలుతుందో పార్కు అధికారిక పేజీలో చదువుకునే బయల్దేరండి. గేటు దగ్గర వెనక కార్లు హారన్ కొడుతుంటే తేల్చుకునే విషయం కాదది.

నాలుగో తరగతి చదివే పిల్లలుంటే ప్రభుత్వం ఇచ్చే ఉచిత పాసు ఉంది, కారులో మిగతావాళ్ళకీ వర్తిస్తుంది. దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకెళ్ళాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

పాసు కారులో వదిలేసి రావద్దు. ఊళ్ళో బండి పెట్టి నడిచి వచ్చే గేటు దగ్గర కూడా అడుగుతారు.

బస్సు

మార్చి నుంచి నవంబరు దాకా లోయలోపలి రోడ్డు మీదికి సొంత కార్లని రానివ్వరు. 2000 సంవత్సరం నుంచీ షటిల్ బస్సులే, ఇప్పుడు బ్యాటరీతో నడిచేవి. టికెట్టు లేదు, ముందు బుకింగు లేదు. మొత్తం తొమ్మిది స్టాపులు. ఒకటి విజిటర్ సెంటర్, రెండు మ్యూజియం, ఐదు జయాన్ లాడ్జ్, ఆరు గ్రోటో, తొమ్మిది టెంపుల్ ఆఫ్ సినవావా. ఒకటి నుంచి తొమ్మిదికి ముప్పావు గంట. స్ట్రోలర్ మడిచి ఎక్కాలి, కాబట్టి గొడుగులా ముడుచుకునే తేలికపాటిది తీసుకెళ్ళండి. వీల్‌చెయిర్‌తోనూ ఎక్కొచ్చు. కుక్కల్ని ఎక్కించరు. లోపల మంచినీళ్ళు తప్ప తిండి కుదరదు, కాబట్టి చిన్నోడికి టిఫిను క్యూలోనే పెట్టేయాలి.

చాలామంది రెండు, నాలుగు, ఐదు అంటూ వరసగా దిగుతూ వెళ్తారు. అలా వెళ్తే తొమ్మిదో స్టాపుకి మిట్టమధ్యాహ్నం, జనంతో కలిసి చేరతారు. మేం తిరగేశాం. దిగకుండా తిన్నగా తొమ్మిదికి వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాం. కారణం నీడ. లోయ పైకి వెళ్ళేకొద్దీ ఇరుకవుతుంది. తొమ్మిదో స్టాపు దగ్గర జూన్‌లోనూ పది దాటేదాకా నేల చాలావరకు నీడలోనే ఉంటుంది. కింద లాడ్జ్ దగ్గర లోయ వెడల్పు కాబట్టి ఎండ ముందే దిగిపోతుంది, కానీ అక్కడ చెట్లున్నాయి, మధ్యాహ్నం వాటి కింద గడపొచ్చు.

ఇంకో సంగతి: విజిటర్ సెంటర్ దాటి లోయలోకి వెళ్ళాక ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. ‘దిగాక ఫోన్ చేస్తా’ అనే మాట ఇక్కడ పనిచేయదు. కుటుంబం రెండు ముక్కలయ్యే ప్రతిసారీ చోటూ టైమూ నోటితో చెప్పుకుని, పెద్దవాళ్ళ చేతికి స్టాపు నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి.

నీళ్ళు, ఉప్పు, పులిహోర

వేసవిలో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే, అంటే మన 38. ‘బెజవాడలో 45 చూశాం’ అని నాన్నగారి తరం తేలిగ్గా తీసుకుంటుంది. తేడా ఎక్కడంటే, బెజవాడ ఎండలో చొక్కా వీపుకి అంటుకుంటుంది, అప్పుడు నీళ్ళు గుర్తొస్తాయి. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లోంచి నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. దాహం వేసేదాకా ఆగకూడదు. అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించే పని ఎవరో ఒకరు నెత్తినేసుకోవాలి.

లెక్క మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు. అంతా మోయక్కర్లేదు. ఒకటి, రెండు, ఐదు, ఆరు, తొమ్మిది స్టాపుల్లో నీళ్ళు పట్టుకునే కుళాయిలున్నాయి, టాయిలెట్లు కూడా. పెద్దవాళ్ళకి రెండేసి, పిల్లలకి ఒక్కో లీటరు సీసాలు తీసుకుని, దిగిన చోటల్లా నింపుకున్నాం. కారులో అదనంగా మూడు గ్యాలన్ల డబ్బాలు సాయంత్రానికి.

ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలవుతాయి. దానికి మన దగ్గర మందు ఉండనే ఉంది: జంతికలు, చేగోడీలు, ఉప్పేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి, అలాంటివి వాడేవాళ్ళు ఎండలోకి వెళ్ళే ముందు డాక్టరుని అడగడం అవసరం.

భోజనానికి చింతపండు పులిహోరని మించింది లేదు, సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడి పొంగుతుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి, మూత పెట్టి తీసుకెళ్తే సరిగ్గా ఒంటిగంటకి తోడుకుంటుంది. లాడ్జ్ దగ్గర కేఫ్ ఉంది కానీ బర్గర్లూ ఫ్రైలే, మధ్యాహ్నం క్యూ కూడా.

తొమ్మిదో స్టాపు

‘టెంపుల్’ అని పేరు చూసి గుడి ఎక్కడని పెద్దవాళ్ళు అడుగుతారు. గుడి లేదు. సినవావా అనేది పాయూట్ అనే స్థానిక తెగ కథల్లో కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) రూపంలోని దేవుడి పేరు. ఈ లోయని ఆ తెగవాళ్ళు పిలిచే పేరు ‘ముకున్‌తువీప్’. 1909లో ఆ పేరుతోనే నేషనల్ మాన్యుమెంట్ అయింది, 1919లో జయాన్ నేషనల్ పార్క్‌గా మారింది. జయాన్ అంటే తెలుగు బైబిల్లోని సీయోనే, మోర్మన్ వలసదారులు పెట్టిన పేరు. నాలుగో స్టాపు దగ్గరి మూడు శిఖరాలు కూడా అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. వాటి కోసం ప్రత్యేకంగా దిగక్కర్లేదు, బస్సు కిటికీలోంచి చాలు.

తొమ్మిదో స్టాపు నుంచి మొదలయ్యేది రివర్‌సైడ్ వాక్. రానూపోనూ 2.2 మైళ్ళు, ఎక్కుడు మొత్తం 57 అడుగులే, గంటన్నర. సిమెంటు బాట. మొదటి 0.4 మైళ్ళు వీల్‌చెయిర్‌కి పర్వాలేదు, తర్వాత చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు. టాయిలెట్ మొదట్లోనే ఉంది, దారిలో మరి లేదు. బాట మీద అక్కడక్కడ ఇసుక పేరుకుని ఉంటుంది, చెప్పులు జారేది అక్కడే. చీర కట్టుకున్నా సరే, కాళ్ళకి మాత్రం బూట్లు వేయించండి.

ఈ బాటలో తొందరపడకూడని చోటు కుడివైపు గోడ. ఇంత ఎడారిలోనూ ఆ గోడ తడిగా ఉంటుంది. పైన ఉన్నది నవాహో ఇసుకరాయి, జురాసిక్ కాలంలో గాలి పోసిన ఇసుకతిన్నెలు గట్టిపడి రాయిగా మారింది. వానా మంచూ దాంట్లో ఇంకి, ఏళ్ళ తరబడి మెల్లగా కిందికి దిగుతాయి. అడుగున ఉన్న కయెంటా పొర నీటిని దిగనివ్వదు, దాంతో నీళ్ళు పక్కకి తిరిగి గోడలోంచి చెమర్చుతాయి. ఏడో స్టాపు వీపింగ్ రాక్ దగ్గర కారే నీళ్ళు దాదాపు 1,200 ఏళ్ళ కిందట పడిన వాననీళ్ళని లెక్కగట్టారు. ఆ చెమ్మ పట్టిన చోటల్లా నల్లటి సన్న కాడలతో ఫెర్న్ ఆకులు వేలాడుతుంటాయి. ఆకు చివర ఒక చుక్క ఊరుతుంది, బరువెక్కుతుంది, ఆకు కొంచెం వంగుతుంది, చుక్క రాలుతుంది, ఆకు మళ్ళీ లేస్తుంది. నాలుగేళ్ళవాడు కూడా ఐదు నిమిషాలు కదలకుండా చూసే విషయం ఇది. ఆ తడిరాతి మీద గుండుసూది తలకాయంత నల్లటి చుక్కలు కనిపిస్తే అవి నత్తలు కావచ్చు. జయాన్ నత్త ప్రపంచంలో ఈ లోయలో తప్ప ఇంకెక్కడా లేదు. వేలితో ముట్టుకోనివ్వద్దు, ఆకులు కోయనివ్వద్దు.

బాట చివర మెట్లు దిగితే నదే దారి. అక్కడి నుంచి ‘నారోస్’ మొదలు. ఆ మెట్ల దగ్గర నిర్ణయం తీసుకోవాలి, అది కూడా పొద్దున విజిటర్ సెంటర్‌లో పెట్టిన బోర్డు చదివి. బోర్డు మీద రెండు సంగతులుంటాయి. మొదటిది ప్రవాహం: 150 క్యూసెక్కులు దాటితే నారోస్ మూసేస్తారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర లక్షల క్యూసెక్కుల వార్తలు చదివేవాళ్ళకి 150 అంటే పంటకాలువ అనిపిస్తుంది. కానీ కొన్నిచోట్ల 20, 30 అడుగుల వెడల్పు మాత్రమే ఉన్న సందులో, కనపడని గుండ్రాళ్ళ మీద, ఎదురు ప్రవాహంలో నడవాలి. మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్లో మూసి ఉండటమే ఎక్కువ, ఒక్కో ఏడు జూన్‌లోకీ సాగుతుంది.

రెండోది ఆకస్మిక వరద అంచనా. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నప్పూట ఉరుములతో వానలొస్తాయి. మన తలమీద ఆకాశం నీలంగానే ఉండొచ్చు, మైళ్ళ అవతల రాతినేల మీద పడిన వాన ఇంకే చోటు లేక ఒక్కసారిగా ఈ సందులోకి దూసుకొస్తుంది. 2015 సెప్టెంబరులో ఇదే పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు ఇలాగే చనిపోయారు. తేటనీరు బురదగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా ఫొటోలు ఆపి వెంటనే ఎత్తైన చోటికి ఎక్కాలి. అంచనా ‘ప్రాబబుల్’ అని ఉన్న రోజు పిల్లల్తో నీళ్ళలో దిగే ఆలోచనే వద్దు.

మేం ఇక్కడే మొదటిసారి విడిపోయాం. పదేళ్ళ పాపతో ఒకరు నదిలోకి, మిగతావాళ్ళు గట్టు మీద నీడలో. నియమం: ఇరవై నిమిషాలు ముందుకి, వాచీ చూసుకుని వెనక్కి. నూనె రాసిన రుబ్బురాళ్ళ మీద నడిచినట్టుంటుంది. కర్రని ప్రవాహానికి ఎదురుగా ఆనించి, కర్ర, ఒక కాలు కదలకుండా ఉన్నప్పుడే రెండో కాలు కదపాలి. వేళ్ళు కప్పే పాత స్పోర్ట్స్ బూట్లు ఈ మాత్రం దూరానికి సరిపోతాయి. హవాయి చెప్పులు, క్రాక్స్ పెట్టుకున్నవాళ్ళ చెప్పులే దిగువన తేలుతూ కనిపిస్తాయి. రోజంతా లోపలికి వెళ్ళేవాళ్ళయితే స్ప్రింగ్‌డేల్‌లో బూట్లు, నియోప్రీన్ సాక్సులు, కర్ర కలిపి అద్దెకిస్తారు. అదొక వేరే రోజు పని, దీంట్లో ఇరికించకూడదు. ఫోను జిప్‌లాక్ సంచిలో. ఆరిన సాక్సులు ఒక జత బయట ఉన్నవాళ్ళ దగ్గర.

నది నీళ్ళు తేటగా కనిపిస్తాయి కాబట్టి ఇది చెప్పాలి: 2020 నుంచి ఈ నదిలో విషాన్ని తయారుచేసే సయనోబ్యాక్టీరియా ఉన్నట్టు పార్కు హెచ్చరిస్తోంది. ఫిల్టరు పెట్టినా తాగడానికి పనికిరావు. తల ముంచకూడదు, పుక్కిలించకూడదు, పుండ్లు తడపకూడదు. ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లల్ని గట్టు మీదే ఉంచి, చేతులు సీసా నీళ్ళతో కడిగాకే జంతిక ఇవ్వాలి.

గ్రోటో, లాడ్జ్

పదకొండున్నర లోపు తొమ్మిదో స్టాపులో తిరుగు బస్సెక్కితే కూర్చునే చోటు దొరుకుతుంది. మూడు దాటాక అక్కడ క్యూ పాములా మెలికలు తిరుగుతుంది. దారిలో ఎనిమిదో స్టాపు బిగ్ బెండ్ దగ్గర తల పైకెత్తి చూస్తే ఏంజెల్స్ ల్యాండింగ్ వెన్నుగట్టు మీద మనుషులు చీమల్లా కనిపిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి దానికి లాటరీలో పర్మిట్ రావాలి. గొలుసులు పట్టుకుని ఎక్కే ఆ దారి చిన్నపిల్లల్తో వెళ్ళేది కాదు. అదే ఆకాశంలో అదృష్టం ఉంటే కాండర్ రాబందు. రెక్కలు విప్పితే తొమ్మిదిన్నర అడుగులు.

ఆరో స్టాపు గ్రోటోలో బల్లలు, చెట్ల నీడ, నీళ్ళు, టాయిలెట్లు అన్నీ ఉన్నాయి. ఇక్కడే భోజనం. ఇక్కడి ఉడతలు మన పెరటి చారల ఉడతల్లాంటివి కావు. పిల్లి పిల్లంత ఉంటాయి, ప్లాస్టిక్ కవరు గలగల వినగానే బల్ల కిందికి చేరతాయి. సంచి బెంచీ మీద పెట్టి చేతులు కడుక్కొచ్చేలోపు గుడ్డని కొరికి కన్నం చేస్తాయి. పిల్లలు ముద్దొచ్చి మెతుకు విసిరితే మరుక్షణం వేలు పట్టి కొరుకుతాయి, ఏటా చాలామందికి జరిగేదే. తిండి పెట్టడం నేరం, జరిమానా ఉంది. స్టీలు డబ్బాలో తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు. సంచి ఒళ్ళోనే ఉంచుకోవాలి.

భోజనమయ్యాక రెండో విడిపోవడం. పెద్దవాళ్ళు, చిన్నోడు ఒక్క స్టాపు బస్సులో లాడ్జ్‌కి. అర మైలు చదునైన కాలిబాట కూడా ఉంది కానీ మధ్యాహ్నం రెండింటికి వద్దు. పాపతో ఒకరు నది మీది వంతెన దాటి కయెంటా ట్రెయిల్ ఎక్కి, ఎమరాల్డ్ పూల్స్ మీదుగా లాడ్జ్‌కి దిగాలి. కయెంటా మట్టిదారి, ఒకపక్క లోయ ఉంటుంది, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు నడవగలరు. కింది పూల్ దగ్గర రాతి చూరు కింద నడుస్తుంటే పైనుంచి సన్నటి ధార పడుతుంది. పేరు చూసి పచ్చల కొలను ఊహించుకోకండి, జూన్‌కి ధార దారమంతే. కొలనులో దిగడం నిషేధం. గంటన్నర ఇచ్చుకుంటే తీరిగ్గా పూర్తవుతుంది. కలుసుకునే చోటు లాడ్జ్ ముందు పచ్చికలో ఉన్న పెద్ద కాటన్‌వుడ్ చెట్టు, స్టాపు నంబరు ఐదు, టైము మూడున్నర.

నడక ఓపిక ఉన్న పెద్దవాళ్ళు లాడ్జ్ నుంచే కింది పూల్‌కి వెళ్ళిరావచ్చు. అది 1.2 మైళ్ళు, బాట వేసినది, 69 అడుగుల ఎక్కుడు. కానీ ఎండ తగ్గాకే.

అందరం కలిశాక రెండో స్టాపు మ్యూజియంలో దిగాం, ప్రధానంగా ఏసీ కోసమే. చిన్న సినిమా వేస్తారు, పిల్లలు నిద్రపోతారు. వెనకవైపు వరండాలోంచి కనిపించే తెల్లటి కొండలు మాత్రం చూడాల్సినవి. పొద్దున విజిటర్ సెంటర్‌లో తీసుకున్న జూనియర్ రేంజర్ పుస్తకం నింపి ఇస్తే పిల్లల చేత ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. ఉచితం. బస్సు క్యూలో పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం కనిపించలేదు. పెన్సిళ్ళు మనవే తీసుకెళ్ళాలి.

సొరంగం అవతల

ఐదున్నరకి బండెక్కి తూర్పువైపు కొండరోడ్డు పట్టాం. ఈ రోడ్డు మీదికి సొంత కారు ఏడాది పొడుగునా వెళ్ళొచ్చు. ఆరు మెలికలు ఎక్కాక 1.1 మైళ్ళ సొరంగం, 1930లో తెరిచారు. లోపల దీపాలు లేవు. హెడ్‌లైట్లు వేసి, చలవకళ్ళద్దాలు తీసేయడం మర్చిపోవద్దు, ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళ్తే రెండు సెకన్లు ఏమీ కనిపించదు. గోడకి కిటికీల్లాంటి కన్నాలున్నాయి, వాటి దగ్గర ఆపకూడదు. పెద్ద వ్యాను అద్దెకి తీసుకున్నవాళ్ళు ముందే కొలతలు చూసుకోవాలి. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బండ్లకి ఆంక్షలున్నాయి, ఆ వెడల్పులో పక్క అద్దాలూ లెక్కే.

సొరంగం దాటగానే కుడిచేతివైపు చిన్న పార్కింగు, ఎదురుగా కాన్యన్ ఓవర్‌లుక్ ట్రెయిల్. పట్టుమని పాతిక కార్లు పట్టవు. దొరక్కపోతే ముందుకెళ్ళి రోడ్డు పక్క గుంటల్లో ఆపి నడిచి రావాలి. దూరం రానూపోనూ ఒక మైలు, ఎక్కుడు 163 అడుగులు, గంట పడుతుంది. మొదలే రాతిమెట్లు. అవి మోకాళ్ళ నొప్పులకి పనికిరావు. మధ్యలో గోడకి తగిలించినట్టున్న వంతెన, కొన్నిచోట్ల కంచె లేని అంచులు. నాలుగేళ్ళవాడి చెయ్యి వదలకూడదు, ఎత్తుకుని నడవడం కన్నా గోడవైపు నడిపించడమే భద్రం. రోజంతా అడుగునుంచి చూసిన లోయని పైనుంచి చూసే చోటు మా రోజులో ఇదొక్కటే. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఫొటోలు నల్లబడతాయి. ఫొటోలే ముఖ్యమైతే పొద్దున రావాలి, కానీ అప్పుడు తొమ్మిదో స్టాపు నీడ పోతుంది. మాకు నీడే ముఖ్యం.

అమ్మానాన్నల్ని ఇంకొకరు కారులో ముందుకి, చెకర్‌బోర్డ్ మెసా దాకా తీసుకెళ్ళారు. గీతలు గీసిన చదరంగపు బల్లలా ఉండే తెల్లకొండ. అడ్డగీతలు పాత ఇసుకతిన్నెల పొరలు, నిలువు గీతలు ఎండకీ మంచుకీ రాయి పగిలిన బీటలు. ఈ తూర్పు వైపే బిగ్‌హార్న్ కొండగొర్రెలు ఎక్కువగా కనిపిస్తాయి. రాయి రంగులోనే ఉంటాయి, కదిలితేగానీ తెలియదు. రోడ్డు మధ్యలో బ్రేకు వేయకుండా పక్కన ఆపుకునే చోటు చూసుకోవాలి.

జూన్‌లో తొమ్మిది దగ్గరదాకా వెలుతురుంటుంది, అయినా ఏడున్నరకి వెనక్కి తిప్పేశాం. స్ప్రింగ్‌డేల్ నుంచి వర్జిన్ దాకా చీకటి పడే వేళ జింకలు రోడ్డు దాటుతుంటాయి, ఒకటి కనిపిస్తే వెనక ఇంకో రెండున్నట్టే. తడి బూట్లు మూతి కట్టిన సంచిలో వేయకపోతే వేగస్ దాకా కారంతా నది వాసన. నాలుగింటికి లేచినవాళ్ళు తిరుగు ప్రయాణం మొత్తం నడపకూడదు. సెయింట్ జార్జ్‌లో తిని, అక్కడ డ్రైవరు మారాలి. గోర్జ్ మలుపులు ఆ తర్వాతే వస్తాయి. పొద్దున పోయిన గంట ఇక్కడే తిరిగొస్తుంది: యూటా లెక్కన పదకొండింటికి చేరినా వేగస్ హోటల్ గోడ మీద పదే.